గ్రామసింహము ఆరోగ్యము - పంచాయతి బాధ్యత

మన పెద్దలు కుక్కకు గ్రామసింహమని పరిహాసముగా పేరిడిరి. పరిహాసమెట్లున్నను, ఈ సింహము లేని గ్రామము తెలుగునాట కానరాదు. పొలము కావలికి, గొఱ్ఱెల మందకు, కళ్ళములోని ధాన్యపు రాశికి, రాత్రివేళ వాకిటికి అదియే తోడు. ఇంత సేవ చేయు జంతువునకు జబ్బుచేసినప్పుడు పశువైద్యశాలకు తీసికొనిపోవు అలవాటు మాత్రము మనలో మిక్కిలి తక్కువ. ఎద్దు ఒకపూట మేత మానినచో పరుగున పోయి డాక్టరును పిలిచెదము. కుక్క మూడు దినములు తిండి మానినను "అదే తగ్గును లెమ్ము" అని ఊరకుందుము. పంచాయతి సమావేశములలో కుక్కల ప్రస్తావన సాధారణముగా రెండు సందర్భములందే వచ్చును. ఎవరినైనను కరచినప్పుడు ఒకటి, కుక్కల సంఖ్య పెరిగినదని ఫిర్యాదు వచ్చినప్పుడు రెండవది. అప్పటికే చేయవలసిన పని చేయక కొన్ని నెలలు గడచియుండును.

సభ్యులు గమనింపవలసిన ముఖ్య విషయమొకటి గలదు. మన ఊరి కుక్కకు వచ్చు వ్యాధులలో పెక్కు దాని పుట్టుకతో వచ్చునవి కావు. అవి బయటినుండి దానికి సోకుచున్నవి. సోకు మార్గములేవన: పెంటకుప్ప, చచ్చిన గొడ్డును పడవేయు చోటు, మాంసపు దుకాణము వెనుక పారవేయు ప్రేగులు, పిడుదులు పట్టిన పశువుల కొట్టము, సకాలమున వేయింపని టీకా. వీనిలో పంచాయతి అదుపులో లేనిది ఒక్కటియు లేదు. ఇది తేటపడుటకు, రూపమున మన ఊరి కుక్కను పోలిన ఒక దూరదేశపు కుక్క సంగతిని ముందుగా తెలిసికొందము.

కాంగో దేశపు కుక్క

మధ్య ఆఫ్రికాలో కాంగో నదీ ప్రాంతపు అడవులలో బసెంజీ యను కుక్కజాతి గలదు. నిక్కిన చెవులు, పొట్టి వెండ్రుకలు, సన్నని కాళ్ళు, బిగువుగా మెలిదిరిగిన తోక, పది పదకొండు కిలోల బరువు. దానిని మన రచ్చబండ దగ్గర నిలిపినచో ఎవరును పరాయి కుక్కయని అనుకొనరు. అయితే అది మొఱుగదు. మూగది మాత్రము కాదు. రాగము తీసినట్లుండు ఒక వింత కూత కూయును. వేటలో అది ఎక్కడనున్నదో తెలియుటకై అచ్చటి వేటగాండ్రు దాని మెడలో చెక్కగంట కట్టుదురు. మరియొక విశేషము: పెంపుడు కుక్కలలో పెక్కు జాతులు సంవత్సరమునకు రెండుసార్లు ఎదకు వచ్చుచుండగా, బసెంజీ సాధారణముగా ఒక్కసారియే వచ్చును. మన కుక్కలన్నియు ఇట్టివైనచో పంచాయతీలకు తలనొప్పి సగము తగ్గియుండెడిది.

ఈ కుక్కలను ఆంగ్లేయులు 1895లో తొలిసారి తమ దేశమునకు కొనిపోయి ప్రదర్శనలో నిలిపిరి. కొలది కాలములోనే అవి డిస్టెంపరు అను అంటువ్యాధితో మరణించినవి. అడవిలో ఎన్నడును ఎరుగని వ్యాధి, నగరమున అడుగుపెట్టగానే వానిని కబళించినది. 1930 తరువాతనే అవి ఇంగ్లండునందు నిలద్రొక్కుకొని పిల్లలను పెట్టినవి. అయితే అట్లు నిలిచిన కుక్కలు బహుకొద్ది. ఆ కొద్దివాని సంతతినే మరల మరల తమలో తాము జతపరచుటచే, తరతరములుగా దాగియున్న లోపములు బయటపడజొచ్చినవి. ఎఱ్ఱరక్తకణములు అకాలముగా నశించి కుక్క పాలిపోయి చనిపోవు రక్తహీనత అందొకటి. 1970 ప్రాంతములందు రక్తపరీక్షచే లోపము గల కుక్కలను గుర్తించి, వానిని సంతానమునకు వాడుట మానుటచే ఇది చాలవరకు అణగినది. రెండవది ఫాంకోనీ అను మూత్రపిండ వ్యాధి. ఇది సాధారణముగా నడివయస్సున, నాలుగు మొదలు ఎనిమిదేండ్ల మధ్య, తలయెత్తును. శరీరమునకు కావలసిన చక్కెర, లవణములు మూత్రమున కొట్టుకొనిపోవును. కుక్క అతిగా నీరు త్రాగును, అతిగా మూత్రము విడుచును, తిన్నను చిక్కిపోవును. ఆ కుక్కల యజమానులు నెలకొకసారి కాగితపు పట్టీతో మూత్రములో చక్కెర యున్నదేమో చూచుకొందురు. తొలిదశలో పట్టుబడినచో డాక్టరు సలహాపై వంటసోడా జాతి మందును, లవణములను ఇచ్చుచు చాలకాలము బ్రతికింపవచ్చును. 2011 నుండి ఈ లోపమును జన్యుపరీక్షతో నేరుగా కనుగొనుటయు సాధ్యమైనది. వంశమున క్రొత్త రక్తము చేర్చుటకై 1987, 1988 సంవత్సరములందు కొందరు అమెరికావారు మరల కాంగో అడవులకే పోయి కుక్కలను తెచ్చుకొనిరి.

కనుక బసెంజీని పీడించిన కష్టములు రెండు తెగలు. డిస్టెంపరువలె బయటినుండి వచ్చినది ఒకటి. దానికి సూదిమందు చాలును. వంశమున ఇమిడియున్నది మరియొకటి. దానికి ప్రయోగశాల కావలెను. మన ఊరి కుక్క ఎన్నో వేల ఏండ్లుగా ఊరూరను స్వేచ్ఛగా జతగూడుచు వచ్చినది. అందుచే రెండవ తెగ బాధ దానికి చాల తక్కువ. ఉన్నదంతయు మొదటి తెగ బాధయే. పట్టణములనుండి జాతి కుక్కపిల్లలను వేలరూపాయలకు కొనితెచ్చువారు ఈ సంగతిని ఒకపరి ఆలోచింతురు గాక.

పిల్లలను మ్రింగు వ్యాధులు

వీధిలో పుట్టిన కుక్కపిల్లలలో పెక్కు ఏడాది నిండకుండగనే పోవుచున్నవి. వానిని తీసికొనిపోవునవి ముఖ్యముగా రెండు: పార్వో, డిస్టెంపరు. పార్వో సోకిన పిల్ల వాంతులు చేసికొని, దుర్వాసనగల నెత్తుటి విరేచనములతో రెండు మూడు దినములలోనే సొమ్మసిల్లిపోవును. దీని విషక్రిములు మట్టిలో నెలల తరబడి బ్రతికియుండును గావున, ఒక పిల్ల చనిపోయిన తావున వెంటనే మరియొక పిల్లను తెచ్చి పెంచరాదు. డిస్టెంపరునందు కండ్లనుండి, ముక్కునుండి చీమువంటి స్రావము, దగ్గు, జ్వరము కానవచ్చి, కొన్ని దినములకు ఫిట్సు వచ్చును. తల, కాళ్ళు అదరుచుండును. దీనిని చూచి ప్రజలు వెఱ్ఱికుక్కయని భ్రమపడుటయు గలదు. డిస్టెంపరు మనుష్యులకు అంటదు. అయినను, ఈ రెంటికిని గల భేదమును తేల్చవలసినవారు పశువైద్యులే కాని కఱ్ఱపట్టుకొని నిలిచినవారు కారు.

ఈ రెండు వ్యాధులకును కలిపి టీకా గలదు. పిల్లకు ఆరు మొదలు ఎనిమిది వారముల వయస్సులో మొదటిది వేయించి, నాలుగు నెలలు నిండువరకు మూడు నాలుగు వారములకొకసారి మరల వేయించుచుండవలెను.

చర్మవ్యాధులలో గజ్జి అందరికిని తెలిసినదే. వెండ్రుకలూడి, తోలు మందముగా బూడిదరంగు తిరిగిన కుక్కను చూచి పిల్లలు రాళ్ళు రువ్వుదురు. ఇది కంటికి కానరాని పురుగుచే కలుగునది. పశువైద్యుడు రెండు మూడు పర్యాయములు మందిచ్చినచో నెల రెండు నెలలలో క్రొత్త వెండ్రుకలు మొలచును. ఇంత సులువైన చికిత్స యుండగా, ట్రాక్టరునుండి తీసిన పాత ఇంజను ఆయిలును, కిరసనాయిలును ఒంటికి పూయుట పెక్కు ఊళ్ళలో వాడుకగానున్నది. కుక్క ఆ నూనెను నాకి విషము తినినట్లగును. ఒడలు కాలి పుండ్లు పడును. ఈ పద్ధతిని కట్టిపెట్టవలసినదిగా చాటింపు వేయించుట మంచిది.

పిడుదులు నెత్తురు పీల్చుటయే కాక రక్తములో చేరి పెరుగు రోగక్రిములను ఎక్కించును. జ్వరము, చిగుళ్ళు పాలిపోవుట, ఒక్కొక్కప్పుడు ముక్కునుండి నెత్తురు కారుట దీనికి గుర్తులు. కుక్కకు మందు పట్టించి ఊరకుండిన చాలదు. పిడుదు గ్రుడ్లు పెట్టునది కుక్క ఒంటిమీద కాదు, గోడ పగుళ్ళలో, కొట్టపు మూలలలో. అచ్చటను మందు చల్లి సున్నము కొట్టింపవలెను.

కడుపులోని పురుగుల సంగతి ఇంకను ముఖ్యమైనది, ఏలయన ఇది కుక్కతో ఆగదు. మాంసము కోయుచోట గొఱ్ఱెల కాలేయము, ఊపిరితిత్తులు, తలకాయ పారవేసిన కుక్కలు తినును. వానిలోని తిత్తులనుండి కుక్క ప్రేగులలో బద్దెపురుగులు పెరిగి, వాని గ్రుడ్లు మలముతో గడ్డిపై పడును. ఆ గడ్డి మేసిన గొఱ్ఱెల కాలేయమునందును ఊపిరితిత్తులందును నీటితిత్తులు ఏర్పడును. మరియొక రకపు బద్దెపురుగు గొఱ్ఱె మెదడులో తిత్తి కట్టును. ఆ గొఱ్ఱె మంద విడిచి ఒకే ప్రక్కకు గిరగిర తిరుగుచు, తుదకు మేత మాని చచ్చును. గొల్లలకు ఈ తిరుగుడు బాగుగా తెలియును. దానికి మూలము తమ కాపలా కుక్క కడుపులో నున్నదని మాత్రము పెక్కురకు తెలియదు. మొదట చెప్పిన రకపు గ్రుడ్లు కుక్కను నిమిరిన చేతులతోనే అన్నము తిన్న పిల్లల కడుపులోనికి పోయినచో, వారి కాలేయమున సైతము నీటితిత్తులు పెరుగును. శస్త్రచికిత్స చేసి తీయవలసివచ్చును. మంద కుక్కలకు మూడు నెలలకొకసారి ప్రాజిక్వాంటెల్ చేరిన పురుగుల మందు వేయించుటయు, కోసిన జంతువుల లోపలి అవయవములను కుక్కలకు అందకుండ గోతిలో పూడ్పించుటయు దీనికి మార్గములు. మాంసపు దుకాణమునకు లైసెన్సు ఇచ్చునది పంచాయతియే కదా.

రేబీసు

ఇంతవరకు చెప్పినవి కుక్కల ప్రాణమునకు సంబంధించినవి. ఇక మనుష్యుల ప్రాణమునకు వత్తము. రేబీసు అను వెఱ్ఱికుక్క వ్యాధి ప్రపంచమందు ఏటేట సుమారు 59,000 మందిని బలిగొనుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా. ఇందు నూటికి తొంబదితొమ్మిది మందికి కుక్కవలననే సోకుచున్నది. అనుమానపు జంతువులు కరచినవారిలో నూటికి నలుబదిమంది పదునైదేండ్లలోపు పిల్లలు. రోగలక్షణములు కనబడిన పిదప ఈ వ్యాధినుండి బయటపడుట దాదాపు లేదు. లక్షణములు కనబడకమునుపు సరియైన చికిత్స జరిగినచో మరణము దాదాపు లేదు. ఇంతటి తేడా గల వ్యాధి మరియొకటి లేదని చెప్పవచ్చును.

వెఱ్ఱికుక్క యనగానే నోట నురుగు కార్చుచు కనబడినవారినెల్ల కరచునదియే మన మనస్సునకు తోచును. అది ఒక రూపము మాత్రమే. రెండవ రూపమున కుక్క చీకటి మూలకు చేరి, దవడ వ్రేలాడవేసి, చొంగ కార్చుచు పడియుండును. గొంతులో ఎముక చిక్కినదని తలచి యజమాని నోటిలో చేయిపెట్టి చూచును. అపాయమంతయు అచ్చటనే. అకస్మాత్తుగా స్వభావము మారిన కుక్కను, గొంతు బొంగురుపోయిన కుక్కను, మ్రింగలేకపోవుచున్న కుక్కను అనుమానింపవలెను. వ్యాధి లక్షణములు పొడసూపిన కుక్క సాధారణముగా పది దినములలోపల మరణించును. కుక్కపిల్లలకు సైతము ఈ వ్యాధి వచ్చును. పిల్ల గీరినదే కదా యని ఉపేక్షించి ప్రాణము పోగొట్టుకొనినవారున్నారు.

కరచిన వెంటనే చేయవలసిన పని ఇంటివద్దనే గలదు. ధారగా పడు నీటిక్రింద గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడుగవలెను. గడియారము చూచి మరీ కడుగవలెను; రెండు నిమిషములకే చాలుననిపించును. ఈ కడుగుటచేతనే విషక్రిములలో పెక్కు కొట్టుకొనిపోవును. పసరు, సున్నము, కారము, పసుపు, నూనె - వీనిలో ఏదియు గాయముపై పెట్టరాదు. మంత్రము వేయించుకొనుటకై పొరుగూరు పోవుటలో అమూల్యమైన దినములు గడచిపోవును. మంత్రము ఫలించినట్లు తోచుటకు కారణము, కరచిన కుక్కకు వ్యాధి లేకుండుటయే.

కడిగిన పిదప అదే దినమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితము. మొదటి సూది వేసిన దినమును సున్నగా లెక్కించి, చర్మములోనికి వేయు పద్ధతిలో 0, 3, 7, 28 దినములందును, కండకు వేయు పద్ధతిలో 0, 3, 7, 14, 28 దినములందును వేయుదురు. నెత్తురు వచ్చునట్లు కరచినచో, లేదా కంటిలో, నోటిలో, పుండుపై కుక్క చొంగ పడినచో, టీకాతోపాటు గాయము చుట్టును ఇమ్యునోగ్లోబ్యులిను అను మందును సైతము ఎక్కింపవలెను. టీకా పనిచేయుట ప్రారంభించులోపల కాపాడునది ఈ మందే. ఇది ప్రతి చిన్న కేంద్రమునందు నిలువ యుండకపోవచ్చును. సమీపమున ఏ ఆసుపత్రిలో దొరకునో సభ్యులు ముందుగానే తెలిసికొని యుంచుట మేలు. కరచిన కుక్క దొరకినచో పది దినములు కట్టివేసి కనిపెట్టవలెను. పది దినముల తరువాతను అది ఆరోగ్యముగానున్నచో, కరచిననాడు దాని చొంగలో విషక్రిములు లేవని తేలును. మిగిలిన సూదుల సంగతి డాక్టరు చెప్పును. పది దినములు చూచిన పిదప టీకా మొదలుపెట్టుద మనుకొనుట మాత్రము పొరపాటు.

బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు పొడుతురన్న భయము మన ఊళ్ళలో ఇంకను పోలేదు. ఆ భయము అకారణమైనది కాదు. గొఱ్ఱె మెదడునుండి తీసిన పాత టీకా అట్టిదే. దానిని కసౌలీలో సెంపుల్ అను వైద్యాధికారి రూపొందించగా, దాదాపు ఒక శతాబ్దము మన దేశమున వాడిరి. 2004 చివర అది నిలుపుదల చేయబడినది. ఇప్పటివి చేతికి వేయు చిన్న సూదులు. ముసలివారు తమ కాలపు బాధను చెప్పి పిల్లలను బెదరింపకుండ చూడవలెను.

పాడిపశువుల యెడ మరియొక జాగ్రత్త గలదు. వెఱ్ఱికుక్క కరచిన గేదె కొన్ని వారములకు అదేపనిగా అరచుచు, చొంగ కార్చుచు, మేత మ్రింగలేక నిలుచును. గొంతులో ఏదో అడ్డుపడినదని రైతు మోచేతివరకు లోనికి చొప్పించి వెదకును. ఇంటిల్లిపాదియు ఆ గేదెకు గంజి పట్టింతురు. గేదె చనిపోయిన పిమ్మట వీరందరును టీకాకై పరుగులు పెట్టవలసినదే. గేదెనో ఆవునో కుక్క కరచినట్లు తెలిసిన వెంటనే గాయమును సబ్బుతో కడిగి, పశువైద్యునిచే వరుస సూదులు వేయించినచో పశువు దక్కును. బాగుగా కాచిన పాలవలన రేబీసు సోకదు. అయినను వ్యాధి లక్షణములున్న పశువు పాలు పిండనే రాదు, ఏలయన పిండువాని చేతికే ముప్పు.

చంపిన తగ్గునా?

ఫిర్యాదులు హెచ్చినప్పుడు, విషపు ఉండలు పెట్టి కుక్కలను చంపించుద మను మాట సమావేశములలో వినబడుట కద్దు. ధర్మాధర్మముల విచారణ అటుంచి, చట్టము ఒప్పదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, దానిక్రింద 2023లో వెలువడిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఈ విషయమున స్పష్టముగానున్నవి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షనుక్రింద జంతువును అక్రమముగా చంపినవారికి ఐదేండ్లవరకు శిక్ష పడవచ్చును. తీర్మానముపై సంతకము చేసినవారును చిక్కులలో పడుదురు. నిబంధనల ప్రకారము వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, రేబీసు టీకా వేయించి, పట్టినచోటనే విడుచు బాధ్యత స్థానిక సంస్థలది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండులవంటి ఆవరణముల విషయమున 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు వేరుగా ఉత్తరువులిచ్చినది. ఇట్టివి మారుచుండును గనుక, అమలులోనున్న ఉత్తరువును కార్యదర్శి ద్వారా తెప్పించుకొని చదువుకొనుట అవసరము.

చట్టము మాట అటుంచినను, చంపుట పనికివచ్చు ఉపాయము కాదు. ఊరిలో తిండి యున్నంతకాలము ఖాళీయైన చోటికి పొరుగూరి కుక్కలు వచ్చును. పోయిన కుక్కలలో టీకా వేసినవి ఉండవచ్చును. వచ్చినవి వేయనివి కావచ్చును. అనగా కట్టిన గట్టును మనమే తెంపుకొనినట్లగును. ఊరి కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినచో వ్యాధి ఒకదానినుండి మరియొకదానికి ప్రాకుట ఆగిపోవునని శాస్త్రజ్ఞుల నిర్ణయము. గోవా రాష్ట్రమున పశుసంవర్ధక శాఖయు స్వచ్ఛంద సేవకులును కలసి ఏటేట ఇట్లే చేసిరి. ఇంటింటికి తిరిగి పెంపుడు కుక్కలకు, వలలతో పట్టి వీధికుక్కలకు సూదులు వేసి, వేసినవానికి రంగు గుర్తు పెట్టిరి. 2017 సెప్టెంబరు తరువాత మూడేండ్లకు పైగా అచ్చట మనుష్యులలో రేబీసు మరణము లేకపోయినది. 2021లో ఆ రాష్ట్రమును రేబీసు అదుపులోనున్న ప్రాంతముగా ప్రకటించిరి.

కుక్కల సంఖ్య ఏల పెరిగినదన్న ప్రశ్నకు జవాబు కొంత ఆకాశమున వెదకవలసియున్నది. ముప్పది, నలువదియేండ్ల క్రిందట ఊరి వెలుపల గొడ్డు చచ్చినచో రాబందులు గుంపుగా దిగి పూటలోనే ఎముకలు మిగిల్చెడివి. పశువులకు నొప్పి తగ్గించుటకై వాడిన డైక్లోఫెనాక్ అను మందు, కళేబరముల ద్వారా రాబందుల కడుపులో చేరి, మూత్రపిండములను చెడగొట్టుటచే 1990 తరువాత అవి నూటికి తొంబదికిపైగా నశించినవి. 2006లో పశువులకు ఆ మందు వాడుట నిషేధింపబడినది గాని, పోయిన రాబందులు తిరిగి రాలేదు. వాని తిండి కుక్కల పాలాయెను. కనుక చచ్చిన పశువును ఆరడుగుల గోతిలో సున్నము చల్లి పూడ్చిపెట్టుటకు పంచాయతి స్థలము కేటాయించుట, కుక్కల సంఖ్యను తగ్గించు పనులలో మొదటిది. గోతి త్రవ్వుటకు కూలి యెవరిచ్చునన్న తగవు ప్రతి ఊరను వచ్చును. దానిని ముందే తీర్మానమున తేల్చుకొనవలెను.

టీకా దినము

కుక్కకు మూడు నెలల వయస్సున మొదటి రేబీసు టీకా, నెల తరువాత రెండవది, అటుపిమ్మట ఏడాదికొకటి. పాత కుక్కలు పోవుచు క్రొత్త పిల్లలు పుట్టుచునుండును గనుక, ఒక సంవత్సరము డెబ్బది వంతులు సాధించి మరుసటి ఏడు మానివేసినచో చేసిన శ్రమ వ్యర్థము.

ఏర్పాటునకు పెద్ద ఖర్చులేదు. 1885 జూలై 6న పాశ్చరు మహాశయుడు జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి తొలి టీకా వేయించెను. ఆ జ్ఞాపకార్థము జూలై 6న పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకా వేయుట పరిపాటి. నెల ముందుగా పశువైద్యాధికారికి వ్రాసి, మన ఊరికి ఎన్ని మోతాదులు కావలెనో తెలుపవలెను. ఎన్ని కావలెనో తెలియుటకు కుక్కలను లెక్కింపవలెను. తెల్లవారుజామున, జనము లేవకమునుపు, ఇద్దరేసి యువకులు వీధులు పంచుకొని రెండు దినములు తిరిగినచో లెక్క తేలును. ఉదాహరణకు నూట ఇరువది కుక్కలున్న ఊరిలో ఎనుబదినాలుగింటికి వేయింపవలెను. ఇండ్లలోని ముప్పదో నలువదో వేసి పనియైనదనుకొనరాదు. చెఱువుగట్టునను, దుకాణముల వద్దను తిరుగునవే లెక్కలో ఎక్కువ.

ముందునాటి సాయంకాలము చాటింపు వేయింపవలెను. ఎండ ముదరకమునుపే పని ముగియవలెను గావున ఉదయము ఆరు గంటలకు ఆరంభించుట మంచిది. ప్రతి కుక్కను దానికి అలవాటైనవారే, మెడకు మెత్తని త్రాడు కట్టి తీసికొనిరావలెను. ఒకదానినొకటి చూచి కలహించును గాన దూరదూరముగా నిలుపవలెను. వీధికుక్కలకు రోజూ అన్నము పెట్టు ముసలమ్మలు ప్రతి ఊరిలో నుందురు. వల పట్టువారికంటె వారి పిలుపే ఎక్కువ పనిచేయును; వారిని మర్యాదగా ఆహ్వానింపవలెను. అదే దినమున శస్త్రచికిత్సకు తగిన ఆడకుక్కలను గుర్తించి, పట్టణమునకు పంపు తేదీని డాక్టరుతో నిశ్చయించుకొనవచ్చును.

పంచాయతి కార్యాలయమున ఇందుకై ఒక పుస్తకముండవలెను. వీధి పేరు, కుక్క రంగు, ఆడదో మగదో, ఎవరి పోషణలోనున్నది, రేబీసు టీకా వేసిన తేదీ, శస్త్రచికిత్స జరిగినదా లేదా అన్నవి వ్రాయుటకు గళ్ళు గీయవలెను. చివరి గడిలో ఆ కుక్క ఎవరినైనను కరచినచో ఆ తేదీ వ్రాయవలెను. కరచిన కేసు ఆసుపత్రికి పోవునప్పుడు ఈ పుటను చూచుకొని పోయినచో, డాక్టరు అడుగు మొదటి ప్రశ్నకు జవాబు చేతిలో నుండును.